ఎవరి కాలనీ? ఎవరి సంక్షేమం?

మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్ళు ఉగాదికి నాలుగు పేజీల వార్షిక నివేదిక అచ్చేసి ఇంటింటికీ పంచారు. మొదటి పేజీలో వినాయకుడి బొమ్మ, దాని కింద కార్యవర్గం పేర్లు. లోపల సంఘం సాధించిన విజయాలు, సాధించబోయే విజయాలు. వీధి దీపాలు వేయించారట. పార్కులో బెంచీలు వేయించారట. కుక్కల బెడద మీద మూడుసార్లు కమిషనరుగారిని కలిశారట. ఇవన్నీ బాగానే ఉన్నాయి. నేను కూడా ఆ దీపాల కిందే నడుస్తున్నాను, కాదనను.

మూడో పేజీలో పదకొండో అంశం చూడండి. "దక్షిణం వైపు మూడో రోడ్డు చివర బయటి వ్యక్తుల రాకపోకలను నియంత్రించుటకు ఇనుప గేటు ఏర్పాటు చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

బయటి వ్యక్తులు ఎవరయ్యా?

ఆ రోడ్డు చివర ఉన్నది మా మాదిగపల్లె. పొద్దున ఆరింటికి ఆ దారిన వచ్చేది మీ ఇళ్ళల్లో అంట్లు తోమే ఆడవాళ్ళు, మీ డ్రైనేజీ కాలవలో పూడిక తీసే మా పెదనాన్న కొడుకు. ఎనిమిదిన్నరకి వచ్చేది సంచీలు తగిలించుకున్న పిల్లలు, వాళ్ళల్లో సగం మంది నా దగ్గర చదువుకునే పిల్లలు. ఆదివారం సాయంత్రం వచ్చేది మా అమ్మ, మనవళ్ళని చూసుకోవడానికి. అంటే నా తల్లి నా ఇంటికి రావాలంటే బయటి వ్యక్తి. గేటు దగ్గర కాపలావాడికి పేరు చెప్పి, పుస్తకంలో వేలిముద్ర వేసి రావాలి.

"ఏకగ్రీవంగా" అన్న మాట కూడా అబద్ధం. సంఘంలో నేనూ సభ్యుణ్ణే. నూట యాభై గజాల స్థలానికీ, దాని మీది ఇంటికీ బ్యాంకు అప్పు ఇంకా పదమూడేళ్ళు కట్టాల్సినవాణ్ణి. ఆ సమావేశం ఎప్పుడు జరిగిందో నాకు నోటీసు రాలేదు. వాట్సప్‌లో పెట్టామన్నారు. ఏ గ్రూపులో పెట్టారో అడిగితే నవ్వారు.

ఈ మూడో రోడ్డు సంగతి కొంచెం చెప్పాలి. ఇది రోడ్డు కాకముందు డొంక. పల్లె నుంచి ఊళ్ళోకీ, ఊరి బడికీ, అటునించి సమాధుల దొడ్డికీ పోయే బండి డొంక. రెండు పక్కలా వరి మళ్ళు. ఆ మళ్ళల్లో మా అమ్మ నాట్లు వేసింది, కలుపు తీసింది. మా అయ్య ఆ మళ్ళకి నీళ్ళు కట్టిన పాలేరు. నేను బడికి పోయింది ఆ డొంకన. వానాకాలం మోకాలి లోతు బురదలో పలక నెత్తిన పెట్టుకుని పోయాను. మా తాతనీ, మా నాయనమ్మనీ మోసుకెళ్ళింది ఆ దారినే. తర్వాత పట్నం పెరిగింది, పొలాలు ప్లాట్లయ్యాయి, సరిహద్దు రాళ్ళు పాతారు, దక్షిణం వైపు డొంక మీద కంకర పోసి మూడో రోడ్డు అని బోర్డు పెట్టారు. పొలమున్నవాడికి డబ్బొచ్చింది. ఆ పొలంలో నలభై ఏళ్ళు వంగిన నడుముకి ఏమీ రాలేదు, పని కూడా పోయింది. ఇప్పుడు దారి కూడా పోవాలంటున్నారు.

రెవెన్యూ వాళ్ళ గ్రామ పటంలో అది ఇప్పటికీ డొంకే, పోరంబోకు. నకలు తెచ్చుకుని నా దగ్గర పెట్టుకున్నాను. పోనీ డొంక సంగతి వదిలేద్దాం. లే అవుట్‌కి అనుమతి కావాలంటే రోడ్లనూ, ఖాళీ స్థలాన్నీ పురపాలక సంఘానికి దఖలు పరచాలి. అంటే కాలనీలో ఏ రోడ్డూ కాలనీది కాదు. మీ సేల్ డీడు మీ గోడ దగ్గరే ఆగిపోతుంది. గోడ అవతల నీదెంతో నాదీ అంతే, చీపురు పట్టుకుని వచ్చే మా అన్నదీ అంతే. ఈ చిన్న సంగతి రిటైరైన ఇంజనీరుకి తెలియదా? తెలుసు. తెలిసే "నియంత్రణ" అన్నాడు, "మూసివేత" అనలేదు.

రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో భాగం ఒకసారి తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాల పక్కనే రోడ్లు అనే మాట ఉంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే రోడ్డు మీద కులం పేరుతో అడ్డం పెట్టకూడదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. దాన్లో శ్మశానానికి పోనివ్వకపోవడం, రోడ్డు మీదో బాట మీదో నడవనివ్వకపోవడం నేరాలని రాసుంది. విద్యార్థులు మీరు ఆ మూడో సెక్షన్ కంఠతా పట్టండి. మన పోలీసు స్టేషన్లలో ఆ సెక్షన్ మనమే చెప్పాల్సి వస్తుంది.

కాలనీ అన్న మాట చూడండి ఎంత చిత్రమైనదో. మా జిల్లాలో కాలనీ అంటే రెండు అర్థాలు. "వాడు కాలనీ వాడు" అని ఊళ్ళో అంటే మాలా మాదిగా అని అర్థం. ప్రభుత్వం కట్టించిన ఒంటిగది ఇళ్ళు, హరిజన కాలనీ. "మాది ఫలానా కాలనీ అండీ" అని పట్నంలో అంటే పెద్దమనిషి అని అర్థం. మొదటి కాలనీ నుంచి రెండో కాలనీకి నేను నడిచింది ముప్పావు కిలోమీటరు. దానికి నాకు ముప్పై మూడేళ్ళు పట్టింది. మధ్యలో హాస్టలు, డిగ్రీ, బీఎడ్, రెండు డీఎస్సీలు. కేరళ ప్రభుత్వం 2024 జూన్‌లో దళిత, ఆదివాసీ ఆవాసాల పేర్లలోంచి కాలనీ అన్న పదం తీసేయమని ఉత్తర్వు ఇచ్చింది, అది కించపరిచే మాటగా మారిందని. మంచిదే. కానీ మా దగ్గర ఆ మాటకి అవమానం ఎవరికి, గౌరవం ఎవరికి అన్నది పక్కన చేర్చే పేరుని బట్టి మారిపోతుంది. పేరు తీసేస్తే గోడ కూలదు.

ఇక సంక్షేమం. ఈ మాట నేను మొదట చదివింది హాస్టలు గోడ మీద. సాంఘిక సంక్షేమ శాఖ వారి బాలుర వసతి గృహం. ఆ సంక్షేమంలో పురుగుల అన్నం, నీళ్ళ చారు, ముగ్గురికి ఒక దుప్పటి. ఎవడన్నా మమ్మల్ని "వెల్ఫేరోళ్ళు" అంటే తల దించుకునేవాళ్ళం. ఇప్పుడు అదే మాట బంగారు రంగు అక్షరాలతో కాలనీ ఆర్చి మీద ఉంది. సంక్షేమం తీసుకుంటే మేం సోమరిపోతులం. సంక్షేమ సంఘం పెట్టుకుంటే మీరు బాధ్యత గల పౌరులు. రెండింటికీ డబ్బు ఒకే ఖజానా నుంచి వస్తోంది. మీ పార్కు బెంచీలు మీ చందాలతో వెయ్యలేదు, మున్సిపాలిటీ నిధులతో వేశారు. మా పల్లె కూడా అదే వార్డు. మాకు బెంచీ అక్కర్లేదు గానీ, మీ మురుగు కాలవ వచ్చి ఆగేది మా చర్చి ముందు. అయిదో అంశంలో "డ్రైనేజీ సమస్య శాశ్వతంగా పరిష్కారమైనది" అని రాసుకున్నారే, ఆ పరిష్కారం ఎక్కడికి పారుతోందో వర్షం వచ్చిన రోజున వచ్చి చూడండి.

ఏడో అంశం చెత్త పన్ను మీద విజయం. 2021 అక్టోబరులో క్లాప్ అని పేరు పెట్టి ఇంటింటికీ చెత్త రుసుము వేశారు. సంఘం వాళ్ళు కట్టం అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. విజయమే, నేను కూడా కట్టలేక గొణుక్కున్నవాణ్ణే. కానీ అరపేజీ రాసిన ఆ అంశంలో చెత్త ఎత్తే మనిషి గురించి ఒక్క ముక్క లేదు. కాంట్రాక్టు కార్మికులు 279 జీవో రద్దు చెయ్యమని చీపుర్లు పట్టుకుని మున్సిపల్ ఆఫీసు ముందు కూర్చున్న రోజుల్లో ఈ సంఘం ఇచ్చిన వినతిపత్రం ఏమిటో తెలుసా? "సమ్మె వలన కాలనీలో దుర్వాసన వచ్చుచున్నది, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయవలెను." జీతం రాక ఇంట్లో పొయ్యి వెలగని వాసన ఎవరికీ రాలేదు.

ఎనిమిదో అంశం చదివినప్పుడు నా చెయ్యి వణికింది. "కమ్యూనిటీ హాలు సెప్టిక్ ట్యాంకు తక్కువ ఖర్చుతో శుభ్రం చేయించడమైనది." తక్కువ ఖర్చు ఎలాగయ్యిందో నాకు తెలుసు. మిషను పిలవలేదు. మా పల్లె నుంచి ఇద్దరు కుర్రాళ్ళని పిలిచారు. తాగడానికి ముందే డబ్బులిచ్చారు, ఎందుకంటే తాగకుండా ఎవడూ దాన్లోకి దిగలేడు. 2013 చట్టం ప్రకారం మనిషిని ముసుగూ తొడుగూ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దింపినవాడికి మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, లేదంటే రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అలా దిగి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ప్రాణం ఖరీదు పెరిగింది గానీ దింపడం ఆగలేదు. ఆ ఇద్దరూ పైకి వచ్చారు కాబట్టి మీ నివేదికలో అది పొదుపు అయింది. రాకపోతే? ఒక నేరాన్ని విజయాల పట్టికలో ఎక్కించి, అచ్చేసి, ఇంటింటికీ పంచేంత ధైర్యం కులం ఇవ్వగలిగినట్టు ఇంకేదీ ఇవ్వదు.

నేను ఈ మాట అంటే కార్యదర్శిగారికి కోపం వచ్చింది. "మాస్టారూ, మీరు ప్రతిదాంట్లో కులం చూస్తారండీ. మన కాలనీలో కులం ఎక్కడుందండీ?" అన్నాడు. ఎరువుల వ్యాపారి, మర్యాదస్తుడు, ఎప్పుడూ అండీ లేకుండా మాట్లాడడు.

ఎక్కడుందో చెప్తాను. కార్తీకమాసంలో వనభోజనాలకి ఈ కాలనీ నుంచి నాలుగు బస్సులు బయల్దేరతాయి. నాలుగు కులాలకి నాలుగు తోటలు. ఉసిరి చెట్టు కింద కూడా మీ కులం వాళ్ళ ఉసిరి చెట్టు కిందే కూర్చుంటారు. పాడ్యమి నుంచి అమావాస్య దాకా నెలంతా ఆ ఫ్లెక్సీలు కాలనీ ఆర్చికే వేలాడతాయి. అవి కుల సంఘాల ఫ్లెక్సీలు కాదు, "ఆత్మీయ కలయికలు". మా పల్లె కుర్రాళ్ళు ఏప్రిల్ 14కి అదే ఆర్చి పక్కన బాబాసాహెబ్ ఫ్లెక్సీ కట్టబోతే, ఆర్చి బరువు మొయ్యలేదని, రాకపోకలకు అడ్డమని అభ్యంతరం. గుడ్డ బరువు కూడా మనిషిని బట్టి మారుతుందని మా సైన్సు పుస్తకంలో రాయలేదు.

ఇల్లు కొనుక్కోక ముందు ఇదే కాలనీలో అద్దెకోసం తిరిగాను. పదకొండు టూలెట్ బోర్డులు. తలుపు తీస్తారు, మాస్టారంటే కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు అడుగుతారు. ఊరితోనూ తేలకపోతే "మీరేమిట్లండీ?" అని సూటిగానే అడుగుతారు. చెప్పగానే వాళ్ళ అమెరికా అబ్బాయికి ఆ ఇల్లు హఠాత్తుగా అవసరం వస్తుంది. "మాకు పట్టింపు లేదండీ, కింద మా అత్తగారు ఉంటారు" అన్నారొకరు. "నాన్‌వెజ్ వండకూడదండీ" అన్నారు ఇంకొకరు. ఆయన ఇంట్లోంచే కోడికూర తాలింపు వాసన వస్తోంది. ఆయనకి భయం కోడి గురించి కాదు, పెద్దకూర గురించి.

ఇది నాకొక్కడికే జరిగిందా? విదేశాల్లో చదువుకుని 1917లో బరోడాకి ఉద్యోగానికి వెళ్ళిన అంబేద్కర్‌కి ఊళ్ళో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని తలదాచుకున్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమంది. ఒక హిందూ మిత్రుడూ ఒక క్రైస్తవ మిత్రుడూ కూడా ఇంట్లో చోటివ్వలేకపోయారు. పార్కులో కూర్చుని రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయాడు. ఆ మనిషి రాసిన రాజ్యాంగం ఉన్న దేశంలో, 2005లో, అహ్మదాబాదు పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టి, తమ మతం వాళ్ళకే సభ్యత్వం అని సొసైటీ నియమం పెట్టుకోవచ్చు అంది. రోజూ వెలివేతలు చవిచూసే అల్పసంఖ్యాకులు ఒక మూల ఒదిగి ఉండాలనుకోవడం వేరు, దేశమంతా ఊళ్ళు కట్టుకుని కూర్చున్న కులాలు ఆ తీర్పుని గొడుగులా పట్టుకోవడం వేరు. చట్టం ఆ తేడా చూడలేదు. ఆ గొడుగు కింద ఎన్ని "శాకాహారులకు మాత్రమే" బోర్డులు నిలబడ్డాయో టూలెట్‌ల కోసం తిరిగినవాడికి తెలుస్తుంది.

గేటు చిన్న విషయం కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అంటున్నారు కొందరు మిత్రులు. కారంచేడులో కూడా మొదట చిన్న విషయమే. మాదిగలు మంచినీళ్ళు ముంచుకునే చెరువులో బర్రె కుడితి నీళ్ళు పడుతుంటే వద్దన్నారు. మున్నంగి సువార్త చేతిలో బిందె పైకెత్తింది. తెల్లారి 1985 జులై 17న ఆరుగురిని వేటాడి చంపారు. బతికినవాళ్ళు చీరాల చర్చికి చేరి, ఆ తర్వాత అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ కాలనీ పుట్టింది నెత్తుట్లోంచి. దానికి గేటు లేదు.

గోడల సంగతి తమిళనాడుని అడగండి. మధురై జిల్లా ఉత్తపురంలో 1989లో కట్టిన గోడ దళితులకి దారి లేకుండా చేసింది. దానిలో కొంత భాగం పగలగొట్టించడానికి 2008 మే దాకా పోరాడాల్సి వచ్చింది. మేట్టుపాళయం దగ్గర నడూరులో ఒక ఇంటాయన దళితుల వాడకి అడ్డంగా కట్టుకున్న పెద్ద ప్రహరీ 2019 డిసెంబరు 2న వానకి నాని ఇళ్ళ మీద పడింది. పదిహేడుమంది నిద్రలోనే పోయారు. ఆ గోడ కూడా "భద్రత" కోసం కట్టిందే అయ్యుంటుంది.

మా గేటు వల్ల ఎవరూ చచ్చిపోకపోవచ్చు. పిల్లలు బైపాస్ రోడ్డు చుట్టూ తిరిగి ఒకటిన్నర కిలోమీటరు ఎక్కువ నడవాలి. లారీల మధ్య నడవాలి. మగపిల్లలు నడుస్తారు. ఎనిమిదో తరగతి ఆడపిల్లని ఆ రోడ్డు మీద పంపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒప్పుకోదు. బడి మానిపిస్తుంది, మరుసటేడు పెళ్ళి చేస్తుంది. నేను హాజరుపట్టీలో ఆ పేరు ఎదురుగా గీత గీస్తాను. పంతులుగా నా లెక్క అది. సంఘం వాళ్ళ లెక్కలో అది ఎనభై వేల రూపాయల ఇనుము.

మనవాళ్ళ గురించి కూడా ఒక మాట అనాలి. ఈ కాలనీలో నేనొక్కణ్ణే దళితుణ్ణి అనుకోకండి. ఇంకో నాలుగిళ్ళున్నాయి. ఒకరు ఆఫీసరు, ఒకరు లెక్చరరు. ఇంటి ముందు నేమ్‌ప్లేటు మీద ఇంటిపేరు పొట్టి అక్షరంగా మార్చుకున్నారు. సంతకం అడగడానికి వెళ్తే కాఫీ ఇచ్చారు, సంతకం ఇవ్వలేదు. "పిల్లల పెళ్ళిళ్ళు కావాలి తమ్ముడూ, మనకెందుకు?" అన్నాడు ఆఫీసరుగారు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు ముద్ద లేని కుర్రాళ్ళు పేరు చివర మాదిగ అని తగిలించుకుని తిరిగారు. ముప్పై ఏళ్ళ తర్వాత కారున్నవాడు ఇంటిపేరు దాచుకుంటున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు అని రాయాలని ఉంది గానీ, ఉంది.

ఇప్పటికి జరిగింది ఇది. గేటు స్తంభాలకి గుంటలు తవ్వారు. పల్లెవాళ్ళం అందరం కలిసి కమిషనరుగారికీ, కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సులోనూ అర్జీలిచ్చాం. డొంక పటం నకలు జతచేశాం. సంతకాలకన్నా వేలిముద్రలే ఎక్కువ. టౌన్ ప్లానింగ్ ఆయన వచ్చి గుంటలు చూసి, సంఘం అధ్యక్షుడి ఇంట్లో టిఫిన్ చేసి వెళ్ళాడు. రాసిచ్చిన జవాబు ఇంకా రాలేదు. సంఘం సర్వసభ్య సమావేశం పెట్టమని నేను సభ్యుడిగా రిజిస్టర్డు పోస్టులో అడిగాను. దానికీ జవాబు లేదు. నా పిల్లల్ని పార్కులో ఆడనివ్వద్దని మాత్రం ఎవరో ఎవరికో చెప్పారు.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. గేటు నిలబెట్టిన రోజున ఏం చెయ్యాలి అని. కోర్టుకి పోదాం అని నేనన్నాను. "నువ్వు కోర్టుకి పోరా నాయనా, పోవద్దన్లా. మాకు పొద్దున ఆరింటికి పనుండాది" అంది మా పెద్దమ్మ. పల్లెలో ఆడవాళ్ళంతా ఆ రోజు పనులు మానేస్తారట. ఏ ఇంట్లోనూ అంట్లు తోమరు, ఏ కాలవా తియ్యరు. పొయ్యిరాళ్ళూ బియ్యమూ తెచ్చుకుని డొంకలోనే, గేటుకి అడ్డంగా వండుకుని పిల్లలకి అక్కడే పెట్టి అక్కడినించే బడికి పంపుతారట.

కూరేం వండుతారు అని కుర్రాడొకడు అడిగాడు.

"ఇంకేం వండుతార్రా, పెద్దకూరే" అంది మా పెద్దమ్మ.